కేలండరు ఎవరిది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

మన సంఘం కార్యదర్శి నెల కిందట ఫోన్ చేసి, "అమెరికాలో ఇంజనీరువి కదా, అందరికీ పనికొచ్చే విషయం ఏదైనా ఓ పావుగంట మాట్లాడు" అన్నాడు. కంప్యూటర్ల గురించో, కృత్రిమ మేధ గురించో చెబుతాననుకున్నట్టున్నాడు. నేను జూదశాల గురించి మాట్లాడతానన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "ఒరేయ్, సైన్సు మాస్టారు కూడా వస్తున్నార్రా" అన్నాడు. ఆయన వస్తున్నారనే మాట్లాడతానంటున్నాను అన్నాను.

ముందు మాస్టారి సంగతి చెప్పి తర్వాత జూదశాలలోకి వెళతాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మాస్టారు లేబొరేటరీ సామాను కొనడానికి గుంటూరు వెళుతూ పెట్టె మోయడానికి నన్ను వెంటబెట్టుకెళ్ళారు. ఆయన చొక్కా జేబులో బడి డబ్బు, దాంతో పాటు మడత పెట్టిన కాగితం. సొంత డబ్బు పంట్లాము జేబులో. పరీక్షనాళికలు, స్పిరిటు దీపాలు, లిట్మస్ కాగితాలు కొన్నాం. షాపు ఆయన బిల్లు రాసి, దాంతో పాటు వేంకటేశ్వరస్వామి బొమ్మ ఉన్న పెద్ద కేలండరు ఇచ్చాడు. తర్వాత పక్క షాపులో మాస్టారు వాళ్ళబ్బాయికి జామెట్రీ బాక్సు కొన్నారు. దాంతో పాటు ఒక రబ్బరు ఊరికే ఇచ్చారు.

తిరుగు బస్సులో నేను ఆశగా, "మాస్టారూ, ఆ కేలండరు మీ ఇంటికా?" అని అడిగాను. కాదంటే మా ఇంటికి అడుగుదామని నా ఉద్దేశం. ఆయన, "సామాను ఎవరి డబ్బుతో కొన్నాంరా?" అన్నారు. బడి డబ్బుతో అన్నాను. "అయితే కేలండరు ఎవరిది?" అన్నారు. మరి రబ్బరో అన్నాను. "అది మావాడిది. బాక్సు నా డబ్బుతో కొన్నానుగా" అన్నారు. ఆ ఏడాదంతా ఆ కేలండరు లేబొరేటరీ గోడకు వేలాడింది. మీలో చాలామంది చూసే ఉంటారు.

ఈ లెక్క నాకు పద్నాలుగేళ్ళ వయసులో అర్థమైంది. నలభై దాటాక మరిచిపోయాను. ఈ రోజు చెప్పదలుచుకున్నది ఆ మరుపు గురించే.

నేను ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ని. టెక్సాస్‌లో ఒక కంపెనీలో పని చేస్తున్నాను. ప్రతి జనవరి మొదట్లో లాస్ వేగాస్‌లో సీఈఎస్ అనే పెద్ద ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన జరుగుతుంది. మీరిక్కడ సంక్రాంతికి అరిసెల పిండి కొట్టించుకునే రోజుల్లో నేనక్కడ కంపెనీ స్టాల్లో నిలబడి ఉంటాను. విమానం టికెట్టు, హోటలు గది, తిండి అన్నీ కంపెనీ ఖర్చే. మన ఉపాధ్యాయులకు తెలిసిన భాషలో చెప్పాలంటే టీఏ, డీఏ.

లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో 1931 నుంచి జూదం చట్టబద్ధం. అక్కడి పెద్ద హోటళ్ళలో చాలావాటికి కింది అంతస్తే జూదశాల. మన గదికి పోవాలన్నా, అన్నం తినడానికి పోవాలన్నా ఆ బల్లల మధ్య నుంచే నడవాలి. అంటే ఆఫీసు పని మీద వెళ్ళినవాడు కూడా రోజుకు నాలుగుసార్లు జూదశాల దాటాల్సిందే.

అక్కడ "కాంప్" అని ఒక మాట ఉంది. హోటలువాళ్ళు ఆటగాడికి ఊరికే ఇచ్చే భోజనం, గది, నాటకం టికెట్టు లాంటివన్నీ కాంపులే. పేరు రాయించుకుంటే ఒక కార్డు ఇస్తారు. ఆడినంతసేపూ ఎంత పెడుతున్నాం, ఎంతసేపు కూర్చున్నాం అనేది ఆ కార్డు మీద నమోదవుతుంది. ఆట పెరిగితే కార్డు రంగు మారుతుంది. ఇంకా పెరిగితే "హోస్టు" అని ఒక మనిషిని మనకు అప్పగిస్తారు. ఆయన మన పేరు గుర్తుపెట్టుకుని, పిల్లల చదువులడిగి, వెళ్ళే రోజున బిల్లులోంచి కొన్ని పద్దులు కొట్టేస్తాడు.

ఈ ఉచితం ఎక్కడి నుంచి వస్తుందో లెక్క వేసి చూపిస్తాను. మన లెక్కల మాస్టారు కూడా ఇక్కడున్నారు, తప్పుంటే దిద్దుతారు. అమెరికన్ రూలెట్ చక్రంలో 38 గళ్ళుంటాయి. ఒక అంకె మీద డాలరు పెట్టి గెలిస్తే 35 డాలర్లు ఇస్తారు, మన డాలరు మనకు వస్తుంది. మొత్తం 36. అన్ని అంకెలూ సమానంగా పడితే 38 డాలర్లు పెట్టి 36 తీసుకున్నట్టు. ప్రతి 38కీ 2 డాలర్లు వాళ్ళవి. అంటే నూటికి 5.26.

ఇప్పుడొకాయన చక్రం తిరిగినప్పుడల్లా 25 డాలర్లు పెడుతూ గంటకు 40 ఆటల చొప్పున నాలుగు గంటలు ఆడాడనుకుందాం. మొత్తం 4,000 డాలర్లు బల్ల మీద తిరిగాయి. అందులో 5.26 శాతమంటే 210 డాలర్లు. ఆయన ఆ రాత్రి గెలిచాడా, ఓడాడా అన్నది పక్కన పెడితే, జూదశాల పుస్తకంలో ఆయన విలువ 210 డాలర్లు. అందులో 30 శాతం తిరిగి ఇద్దామని వాళ్ళనుకుంటే 63 డాలర్ల భోజనం పెడతారు. ఆయన బయటికొచ్చి, "ఈ రోజు భోజనం ఫ్రీ" అంటాడు. ఆ మాట చాలాసార్లు అన్నవాణ్ణి నేనే.

2013 జనవరి. కంపెనీవాళ్ళు తక్కువ ధరకు మాట్లాడిపెట్టిన హోటల్లో నాలుగు రాత్రులు ఉన్నాను. అప్పట్లో మా పద్ధతి ఏమిటంటే గది బిల్లు నా సొంత కార్డు మీద కట్టి, తిరిగొచ్చాక కంపెనీకి క్లెయిము పెట్టుకోవడం. సాయంత్రాలు స్టాలు మూసేశాక బ్లాక్‌జాక్ ఆడేవాణ్ణి. ఆఖరి రోజు తెల్లారి బిల్లు కాగితం తలుపు కింద నుంచి గదిలోకి తోశారు. దాన్ని సంచీలో పెట్టుకుని, వచ్చే దారిలో హోస్టుకు ఓ మాట చెప్పి విమానాశ్రయానికి పోయాను. మర్నాడు ఆ కాగితంతోనే క్లెయిము పెట్టాను. కంపెనీ డబ్బు ఇచ్చేసింది.

వారం తర్వాత నా కార్డు లెక్కలో హోటలు నుంచి 420 డాలర్లు తిరిగి జమయ్యాయి. నా ఆట చూసి హోస్టు రెండు రాత్రుల గది అద్దె కొట్టేశాడు. నేను కట్టని అద్దెకు కంపెనీ నాకు డబ్బిచ్చింది.

అప్పుడు నా మనసు ఎంత తెలివిగా వాదించిందో చెబుతాను. "కాంపు వచ్చింది నా ఆట వల్ల. ఆడింది నా డబ్బు. ఆ బల్ల దగ్గర 600 దాకా పోగొట్టుకున్నాను. కాబట్టి ఈ 420 నాదే. కంపెనీ ఎలాగూ ఆ అద్దె కట్టేదేగా, దానికి పోయిందేముంది?" వినడానికి బాగానే ఉంటుంది. మూడు వారాలు ఈ వాదనతోనే నిద్రపోయాను.

అప్పుడే మా గ్రూపులో కొత్తగా చేరిన ఒక తెలుగు అబ్బాయి ప్రయాణ బిల్లు నా సంతకానికి వచ్చింది. అందులో 18 డాలర్ల టాక్సీకి రసీదు లేదు. "రసీదు లేకుండా ఎలా పెడతావు?" అని తిప్పి పంపాను. వాడు నా బల్ల దగ్గరికొచ్చి, "సారీ అన్నా, పారేసుకున్నాను. నా డబ్బులే అనుకుంటాలే" అన్నాడు. వాడు వెళ్ళాక చాలాసేపు పని చెయ్యలేకపోయాను. అన్నేళ్ళ తర్వాత ఆ బస్సు, ఆ కేలండరు గుర్తుకొచ్చాయి.

అక్కౌంట్సు విభాగానికి జరిగింది జరిగినట్టు రాసి 420 డాలర్లకు చెక్కు పంపాను. అక్కడావిడ ఒక్క ముక్కలో రసీదు పంపింది. మా మేనేజరు మాత్రం పిలిచి, "డబ్బు సంగతి సరే, మూడు వారాలు ఎందుకు పట్టింది?" అని అడిగాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత బల్ల దగ్గర కూర్చోలేదని చెప్పను. కూర్చున్నాను. కానీ కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. ఇక్కడున్న మన పిల్లల్లో చాలామంది కంపెనీల పని మీద ఊళ్ళు తిరుగుతుంటారు కాబట్టి చెబుతాను.

ఒకటి. బయల్దేరకముందే కంపెనీ నియమం ఏమిటో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. విమానం మైళ్ళు, హోటలు పాయింట్లు ఉద్యోగి ఉంచుకోవచ్చని కొన్నిచోట్ల ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు. అమెరికా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు కూడా ప్రభుత్వ ఖర్చుతో తిరిగి సంపాదించిన మైళ్ళను సొంతానికి వాడుకోవచ్చని 2001 చివర్లోనే చట్టం చేశారు. అంటే ఇది అక్కడి ప్రభుత్వం కూడా కూర్చుని తేల్చాల్సి వచ్చిన ప్రశ్న. మన గదిలో మనమొక్కళ్ళం కూర్చుని మనకు అనుకూలంగా తేల్చుకునేది కాదు.

రెండు. హోటల్లో దిగేటప్పుడే బిల్లు రెండుగా రాయమని అడగాలి. గది అద్దె, పన్ను ఒక బిల్లు, కంపెనీ కార్డు మీద. మన చిల్లర ఖర్చులు ఇంకో బిల్లు, మన కార్డు మీద. అడిగితే చేస్తారు. కాంపులు ఏమైనా ఉంటే ఆ రెండో బిల్లులోంచే కొట్టెయ్యమని హోస్టుకు ముందే చెప్పాలి. మాస్టారి రెండు జేబులూ ఇవే.

మూడు. క్లెయిముకు ఆఖరి బిల్లే పెట్టాలి. గది బుక్ చేసినప్పుడు వచ్చిన కాగితం కాదు, తలుపు కింద తోసిన కాగితం కూడా కాదు. వెళ్ళిన తర్వాత ఏమైనా తగ్గించారేమో చూసుకుని, తగ్గిస్తే ఆ తగ్గింపు కంపెనీకి చేరాలి. మన కార్డు చూసి హోటలువాళ్ళు గది ఊరికే ఇచ్చారా? అయితే గది కింద కంపెనీకి చూపించాల్సింది సున్నా.

నాలుగు. మన పాయింట్ల కోసం కంపెనీ ఖర్చు పెరగకూడదు. ప్రదర్శనకు దగ్గరగా చవకైన గది ఉండగా, మన కార్డు చెల్లుతుందని దూరపు హోటల్లో దిగి, రోజూ టాక్సీ కంపెనీ లెక్కలో రాస్తే అది కూడా తీసుకోవడమే. రసీదు ఉన్నంత మాత్రాన న్యాయం కాదు.

అయిదు. మనకు వచ్చిన ఉచిత భోజనానికి కంపెనీ వ్యాపారంతో సంబంధం ఉన్నవాళ్ళను తీసుకెళితే ఆ సంగతి ఆఫీసులో చెప్పాలి. మనం తినిపించింది కంపెనీ తినిపించినట్టే లెక్క అవుతుంది.

ఇక, నిజంగా మన సొంత ఆట మీద, మన సొంత బిల్లులో వచ్చిన కాంపు ఎవరిది? అది మనదే. జామెట్రీ బాక్సుతో వచ్చిన రబ్బరు లాంటిది. 1996లో అమెరికా పన్నుల కోర్టు ఒక ఆటగాడి కేసులో, జూదశాల అతనికిచ్చిన ఖరీదైన కార్లు, విహారయాత్రలు జూదం లావాదేవీల వల్ల వచ్చిన లాభాలేనని తీర్పిచ్చింది. అంటే ఆ బహుమతులకు మూలం ఆటే. ఆ కోర్టు పుస్తకంలో కూడా అవి ఊరికే వచ్చినవి కావు.

ఇంతవరకూ చెప్పింది డబ్బు లెక్క. ఇక్కడితో ఆపితే నేను తప్పు దిద్దుకున్న మంచివాణ్ణని మీరు చప్పట్లు కొడతారు. ఆపలేను.

ఆ 18 డాలర్ల అబ్బాయి సంగతి చెప్పాలి. మంచి పనిమంతుడు. తర్వాత సంవత్సరాల్లో ప్రతి జనవరి నాతో లాస్ వేగాస్ వచ్చేవాడు. నేను వాణ్ణి పెద్ద రెస్టారెంటుకు తీసుకెళ్ళి, బిల్లు మీద నా కార్డు నంబరు రాసి, "ఫ్రీ రా, తిను" అనేవాణ్ణి. హోస్టు నన్ను పేరు పెట్టి పలకరించడం వాడు చూశాడు. పొడుగు వరుస పక్కన మా కార్డు రంగువాళ్ళకు వేరే వరుస ఉండడం చూశాడు. నేను పోగొట్టుకున్నది మాత్రం వాడెప్పుడూ చూడలేదు. అది చూపించుకునే సంగతి కాదు కదా. 420 డాలర్లు తిరిగిచ్చిన సంగతీ వాడికి చెప్పలేదు. పరువు.

2018లో వాడు కూడా నా రంగు కార్డు సంపాదించాలనుకున్నాడు. దానికి ఇంకా కొన్ని పాయింట్లు తక్కువున్నాయి. ఆ పాయింట్ల కోసం ఒక రాత్రి తన సొంతం 3,200 డాలర్లు పోగొట్టాడు. అప్పుడు ప్రయాణ ఖర్చులకని ఇచ్చిన కంపెనీ కార్డు మీద 2,000 నగదు తీశాడు. సోమవారం కట్టేద్దామనుకున్నాడు. అవీ పోయాయి. సోమవారం వాడు కట్టేలోపే అక్కౌంట్సువాళ్ళు చూశారు. ఆ వారంలోనే ఉద్యోగం పోయింది.

వాడిది హెచ్‌వన్‌బి వీసా. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. భార్య కడుపుతో ఉంది. యాభై ఏడో రోజున ఇద్దరూ ఇండియా విమానం ఎక్కారు. నేను వీడ్కోలుకు వెళ్ళాను. వాడు నన్నొక్క మాట అనలేదు. "అన్నా, మీరు ఎలా మేనేజ్ చేసేవాళ్ళో నాకు అర్థం కాలేదు" అన్నాడు, అంతే. ఆ ఒక్క మాటకే ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. ఎలా మేనేజ్ చేశానో కూర్చోబెట్టి చెప్పి ఉంటే, ఆ 4,000 డాలర్ల లెక్క ఒక కాగితం మీద వేసి చూపించి ఉంటే, వాడు ఆ బల్ల దగ్గర కూర్చునేవాడు కాదేమో. కూర్చున్నా రెండో జేబులో చెయ్యి పెట్టేవాడు కాదేమో. వాడిప్పుడు హైదరాబాదులో మంచి ఉద్యోగంలోనే ఉన్నాడు. వాడి అనుమతి తీసుకునే ఈ మాట ఇక్కడ చెబుతున్నాను. "చెప్పన్నా, పేరొద్దు" అన్నాడు.

మీ చుట్టూ జూదశాలలు లేవు కాబట్టి ఈ గొడవ మనకెందుకని అనుకోకండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధించాయి. 2025లో దేశమంతటికీ కేంద్ర చట్టం వచ్చింది. అన్ని చట్టాలు ఎందుకు కావలసి వచ్చాయో ఇక్కడున్న తల్లిదండ్రులకు తెలుసు. ఆ ఆటల్లో చేరగానే ఇచ్చే స్వాగత బోనసు ఉందే, అది నా 63 డాలర్ల భోజనానికి తమ్ముడే. వాళ్ళు ఇచ్చేది ఎప్పుడూ మనం పోగొట్టబోయేదానిలో ఒక వాటా.

గురువులకు ఒక విన్నపం. మీరు పాఠం చెప్పినప్పుడు మేం సగం విన్నాం, సగం కిటికీలోంచి చూశాం. కానీ మీరు చొక్కా జేబులోంచి డబ్బు ఎలా తీశారో మాత్రం కన్నార్పకుండా చూశాం. మాస్టారు నన్ను ఆ రోజు బస్సులో పక్కన కూర్చోబెట్టుకుని లెక్క చెప్పారు. నేను ఆ అబ్బాయిని రెస్టారెంటులో పక్కన కూర్చోబెట్టుకుని లెక్క చెప్పలేదు. మా ఇద్దరికీ తేడా అంతే. చిన్నదేమీ కాదు.

ఇక ముగిస్తాను. ఈ ఉదయం మాస్టారింటికి వెళ్ళి కాళ్ళకు దండం పెట్టాను. ఎనభై దాటాయి. కాఫీ ఇచ్చి, అడిగిన మొదటి ప్రశ్న, "ఏరా, ఇంత దూరం వచ్చావు, దారి ఖర్చులు ఎవరివి?" అని. హైదరాబాదు ఆఫీసులో వారం రోజుల పని పడింది మాస్టారూ, అక్కడిదాకా కంపెనీ టికెట్టు, అక్కడి నుంచి ఇక్కడికి కారు నాది, ఈ రెండు రోజులూ సెలవు పెట్టాను అని చెప్పాను. ఆయన తల ఊపి, "మరి ఆ విమానం మైళ్ళో?" అన్నారు.

మా కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకుంది మాస్టారూ. కావాలంటే కాగితం చూపిస్తాను.